పాత వ్యవసాయ పనిముట్ల మ్యూజియానికి ట్రస్టు పెట్టడం ఎలా: వరస తప్పని పద్ధతి

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, బరంపురం వైపు నుంచి ఈ మధ్య ఒకే ప్రశ్న పదేపదే వస్తోంది. "మా ఊళ్ళో పాత నాగళ్ళు, గూడలు (నీళ్ళు తోడే బుట్టలు), కుంచాలు (ధాన్యం కొలిచే పాత్రలు) పోగేశాం. బడిలో ఒక గది ఇస్తామన్నారు. ఇప్పుడు ట్రస్టు పెట్టాలంటే ఏం చేయాలి?" ఫోన్లో పది నిమిషాల్లో తేలే విషయం కాదు కాబట్టి, మా సొంత ట్రస్టు అనుభవంతో మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఇలాంటి ట్రస్టుకి అసలు పని భవనం కట్టడం కాదు. వచ్చిన ప్రతి వస్తువుకీ కాగితం ఉండేలా చూడటం, ఆ వస్తువుని ఏటేటా కాపాడే ఖర్చు సమకూర్చడం. అందుకే వరస ఇలా పెట్టుకోండి: వస్తువుల రిజిస్టరు, ట్రస్టు దస్తావేజు, గది, నిధి. భవనం గురించి ఆ తర్వాత ఆలోచించవచ్చు. ఈ వరస తిరగేసిన చోట శంకుస్థాపన రాయి మిగిలింది, నాగళ్ళు చెదలపాలయ్యాయి.

1. మొదటి నెల: ట్రస్టు లేకుండానే లెక్క రాయండి

రిజిస్ట్రేషన్‌కి పరుగెత్తకండి. ముందు నాలుగైదు ఊళ్ళు తిరిగి ఎవరింట్లో ఏముందో రాసుకోండి. వస్తువు అక్కడే ఉండనివ్వండి, వివరం మాత్రం తెచ్చుకోండి.

అటకలు, పశువుల శాలలు, కళ్ళం పక్కన పాకలు చూడండి. నాగలి, కాడి, గొర్రు, గుంటక అందరికీ గుర్తొస్తాయి. మూతిచిక్కాలు, పలుపుతాళ్ళు, ముల్లుగర్రలు, గింజలు దాచిన కుండలు, విత్తనం జల్లేటప్పుడు పట్టుకున్న బుట్టలు ఎవరికీ గుర్తురావు. పొయ్యిలోకి ముందు పోయేవి అవే.

ఒకే రకం నాగళ్ళు ముప్పై ఉంటే మూడు చాలు. ఒకటి బాగున్నది, ఒకటి బాగా వాడి అరిగినది, ఒకటి వేరే పద్ధతిలో చేసినది. గది చిన్నది, కాపాడే చేతులు తక్కువ. వద్దని చెప్పడం కూడా ఈ పనిలో భాగమే.

2. వస్తువులు ఎవరివో తేల్చుకోండి

మ్యూజియం నడిపేది ఒకరు, డబ్బు సమకూర్చే ట్రస్టు ఇంకొకరు కావచ్చు. బడి, గ్రామ సంఘం, కాలేజీ, ఎవరైనా నడపవచ్చు. కానీ వస్తువుల మీద హక్కు ఎవరిదో మొదటి రోజే రాసుకోవాలి. ఇద్దరూ వేరైతే ఒప్పంద పత్రంలో ఇవి ఉండాలి:

- వస్తువులు ట్రస్టువా, మ్యూజియంవా
- గది ఎన్నేళ్ళకి ఇచ్చారు, ఖాళీ చేయమంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి
- కరెంటు, మరమ్మతు, కాపలా ఖర్చు ఎవరిది
- తాళాలు ఎవరెవరి దగ్గర ఉంటాయి
- మ్యూజియం మూతపడితే వస్తువులు ఎక్కడికి వెళ్తాయి

నా అభిప్రాయం అడిగితే వస్తువులు ట్రస్టు పేరనే ఉండాలి. బడిలో హెడ్మాస్టరు మారితే గది అవసరాలు మారతాయి. మా వస్తువులు ఒకసారి నోటీసు కూడా లేకుండా వరండాలోకి వచ్చాయి. అది వానాకాలం. కాగితం లేదు కాబట్టి అడగడానికి మాకు నోరు లేకపోయింది.

3. ట్రస్టు దస్తావేజు

ఒడిశాలో రెండు దారులు ఎక్కువగా వాడతారు. ఒకటి, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో పబ్లిక్ ఛారిటబుల్ ట్రస్టు దస్తావేజు రిజిస్టరు చేయించడం. రెండోది, 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘం పెట్టడం. దీనికి కనీసం ఏడుగురు కావాలి. ఊరంతా ఓటేసి నడుపుకునే పద్ధతి కావాలంటే సంఘం పెట్టండి. కొద్దిమంది నిలకడగా నడపాలంటే ట్రస్టు మేలు.

సిరొంచ, దెగ్లూరు, కిన్వట్ వైపు ఉన్నవాళ్ళకి దారి వేరు. అక్కడ మహారాష్ట్ర పబ్లిక్ ట్రస్టుల చట్టం 1950 ప్రకారం ఛారిటీ కమిషనర్ ఆఫీసులో నమోదు తప్పనిసరి. ట్రస్టీ మారితే 90 రోజుల్లో తెలియజేయాలి. ట్రస్టు స్థిరాస్తి అమ్మాలంటే ముందస్తు అనుమతి తీసుకోవాలి.

దస్తావేజులో తప్పకుండా ఉండాల్సినవి:

- ఉద్దేశం స్పష్టంగా: వ్యవసాయ పనిముట్లు, విత్తనాలు, పద్ధతుల సేకరణ, సంరక్షణ, ప్రదర్శన, బోధన
- ట్రస్టుని వెనక్కి తీసుకునే వీలు లేదన్న మాట
- ట్రస్టీలకి లాభం పంచకూడదన్న మాట
- మూసేస్తే ఆస్తి ఇలాంటి ఉద్దేశమే ఉన్న మరో ట్రస్టుకి పోవాలన్న మాట
- ట్రస్టీ ఎన్నేళ్ళు ఉంటాడు, తర్వాతివాళ్ళని ఎలా ఎంచుతారు
- బ్యాంకు చెక్కు మీద ఇద్దరి సంతకాలు

భాష సంగతి కూడా చూసుకోండి. మన దగ్గర ఆఫీసు పని ఒడియాలో, ఇంగ్లీషులో సాగుతుంది. ట్రస్టీల్లో సగం మంది తెలుగు మాత్రమే చదవగలరు. సంతకం పెట్టే ముందు దస్తావేజు మొత్తాన్ని తెలుగులో చదివి వినిపించండి. విన్నామని మినిట్స్ పుస్తకంలో రాయించండి. ఏం రాశారో తెలియక సంతకం పెట్టిన పెద్దమనిషి మూడేళ్ళ తర్వాత "నాకు చెప్పలేదు" అంటే, ఆయన తప్పు కాదు.

ట్రస్టీలు అందరూ ఒకే కులం, ఒకే వీధి కాకుండా చూడండి. వడ్రంగి, కమ్మరి, మేదరి కుటుంబాల నుంచి ఒక్కరైనా ఉండాలి. పనిముట్టు వాడింది రైతే అయినా, చేసింది వాళ్ళు. ఒక ఆడమనిషి కాదు, ఇద్దరు ముగ్గురు ఉండాలి. విత్తనం దాచింది, ధాన్యం దంచింది, చెరిగింది ఆడవాళ్ళే.

భూమి విషయంలో జాగ్రత్త. గుణుపురం ఉన్న రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే ఆదివాసీలకి రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ప్రాంతం. గజపతి జిల్లాలో గుమ్మ, రాయగడ బ్లాకులు, ఆర్.ఉదయగిరి తహసీలు కూడా అంతే. అక్కడి భూముల బదిలీ మీద ఉన్న 1956 ఒడిశా రెగ్యులేషన్ ప్రకారం ఆదివాసీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. "మా సవర పెద్ద ఒకాయన స్థలం ఊరికే ఇస్తానన్నాడు" అని సంబరపడి రాయించుకోకండి. ముందు తహసీల్దారు ఆఫీసులో అడగండి. ఆయన మంచితనం వల్ల ఆయన పిల్లలకి భూమి పోకూడదు.

4. పన్ను, విరాళాలు

దస్తావేజు చేతికొచ్చాక పాన్, బ్యాంకు ఖాతా, స్వచ్ఛంద సంస్థల కోసం నీతి ఆయోగ్ నడిపే దర్పణ్ పోర్టల్‌లో నమోదు. ఆ తర్వాత ఆదాయపు పన్ను శాఖలో రెండు నమోదులు. ఒకటి ట్రస్టు ఆదాయానికి మినహాయింపు, రెండోది దాతకి మినహాయింపు. 1961 చట్టంలో వీటిని 12ఏబీ, 80జీ అనేవాళ్ళు. 2025 నాటి కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కాబట్టి సెక్షన్ నంబర్లు, ఫారాలు మారాయి. పాత ఫారం చూసి నింపకండి, ఆడిటర్ దగ్గర కూర్చుని చేయించండి.

దాతలకి ముందే చెప్పాల్సినవి:

- 2,000 రూపాయలు దాటిన నగదుకి దాతకి పన్ను మినహాయింపు రాదు. యూపీఐ, చెక్కు, బ్యాంకు బదిలీ చేయమనండి.
- వస్తువు ఇస్తే మినహాయింపు రాదు. ఎద్దులబండి ఇచ్చి రసీదులో విలువ వేయమని అడిగితే కుదరదని మర్యాదగా చెప్పండి.
- కొత్త పన్ను విధానం ఎంచుకున్న దాతకి ఈ మినహాయింపు ఉండదు.
- శాశ్వత నిధికి ఇచ్చేవాళ్ళు "ఇది కార్పస్ కోసం" అని రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ మాట లేకపోతే అది మామూలు ఆదాయం కిందికి వస్తుంది.

అమెరికాలో మనవాళ్ళు డబ్బు పంపుతామంటారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే, మనూరి బిడ్డలే అయినా, అది విదేశీ విరాళం. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) నమోదు లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. ఈ తేడా తెలియక ఇబ్బంది పడినవాళ్ళున్నారు. పంపే ముందే పాస్‌పోర్టు సంగతి అడగండి, మొహమాటం వద్దు.

కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ నిధుల మీద మొదటి ఏడాదే ఆశ పెట్టుకోకండి. ఈ తరహా పనిలో కనీసం మూడేళ్ళ అనుభవం చూపించాలి, సీఎస్‌ఆర్-1 నమోదు కావాలి. ఆ మూడేళ్ళూ ఊరి చేతుల మీద నడవాలి.

5. వస్తువు తీసుకునే రోజు

మా మొదటి విడతలో ట్రాక్టరు మీద 43 వస్తువులు తెచ్చాం. ఉత్సాహంలో ఎవరిది ఏదో రాయలేదు. నెల తర్వాత 11 వస్తువులు ఎవరివో తేలలేదు. ఒక కుటుంబం వచ్చి "మా తాత కాడి ఇదే" అంటే, ఇంకో కుటుంబం కూడా అదే మాట అంది. చివరికి ఎవరికీ ఇవ్వలేక, ఎవరి పేరూ పెట్టలేక ఆ కాడిని పక్కన పెట్టాం. ఆ ఇద్దరి ముఖాలూ నాకు ఇప్పటికీ గుర్తే. అందుకే కింది వరస ఒక్క రోజు కూడా తప్పకండి.

(అ) వస్తువు కదిలించకముందే, అది ఉన్న చోటే ఫొటో తీయండి. పక్కన స్కేలు పెట్టండి.

(ఆ) దానపత్రం మీద సంతకం తీసుకోండి. ఇచ్చే వ్యక్తి పేరు, ఊరు, తేదీ, "పూర్తిగా ఇస్తున్నాను, తిరిగి అడగను" అన్న మాట, ఇద్దరు సాక్షులు. ఉమ్మడి కుటుంబమైతే అన్నదమ్ములందరి సంతకం. అప్పుగా ఇస్తే వేరే పత్రం, తిరిగి ఇచ్చే తేదీతో. ఇలా అప్పుగా తీసుకోవడం వీలైనంత తగ్గించండి.

(ఇ) కథ రికార్డు చేయండి. ఫోను చాలు. ఎవరు చేశారు, ఏ కర్ర, ఎప్పుడు ఆపేశారు, ఎందుకు ఆపేశారు. ఒక పెద్దామె గూడ చేతికిస్తూ అంది: "బాబూ, ఇది ఇద్దరం పట్టాలి. మీ తాత కుడిపక్క, నేను ఎడంపక్క." ఆ ఒక్క ముక్క లేకపోతే గూడ అంటే తాళ్ళు కట్టిన ఒక బుట్ట, అంతే.

(ఈ) పేరు ఇచ్చినవాళ్ళు పలికినట్టే రాయండి. నాగలి భాగాల పేర్లు జిల్లా దాటితే మారిపోతాయి. పుస్తకంలో ఉన్న మాట పక్కన కుండలీకరణంలో రాసుకోవచ్చు, కానీ మొదటి మాట వాళ్ళదే.

(ఉ) రిజిస్టరు నంబరు ఆ రోజే ఇవ్వండి. 2026.7.3 అంటే 2026లో ఏడో విడతలో మూడో వస్తువు. పేజీ నంబర్లు ముద్రించిన కుట్టు పుస్తకంలో, పెన్నుతో రాయండి. తప్పు రాస్తే ఒక గీత కొట్టి సంతకం పెట్టండి, తుడపకండి. వారానికోసారి పేజీల ఫొటోలు తీసి ఇంకో ఊళ్ళో ఉన్న ట్రస్టీకి పంపండి. కంప్యూటరు తర్వాత సంగతి.

(ఊ) వస్తువు మీద నంబరు కనపడని వైపు, చిన్నగా. బుట్టలకీ తాళ్ళకీ నూలు దారంతో చీటీ కట్టండి. మేకులు, స్టిక్కర్లు, పెయింటు వద్దు.

కొలపాత్రల దగ్గర ఇంకాస్త ఆగండి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం అని లెక్క వినిపిస్తుంది. కానీ కుంచం ఎంత పట్టేది అన్నది ఊరికో తీరు. అందుకే ప్రతి కుంచాన్నీ పొడి ధాన్యంతో నింపి, పైన కర్రతో సమంగా తీసి, తూకం వేసి, ఏ ధాన్యమో కూడా రాయండి. కూలికి కొలిచే కుంచం, అమ్మకానికి కొలిచే కుంచం ఒకటేనా అని అడగండి. చాలాసార్లు పెద్దవాళ్ళు కాసేపు ఊరుకుని తర్వాత చెబుతారు. చెప్పింది రాయండి, పేరు వద్దంటే పేరు తీసేయండి.

తీసుకోకూడనివి:

- దుప్పి కొమ్ములు, తోళ్ళు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది.
- పందుల కాపలాకి వాడిన నాటు తుపాకులు. ఆయుధాల చట్టం ఉంది.
- భూమిలో దొరికిన నాణేలు, పాత్రలు. 1878 నాటి గుప్తనిధుల చట్టం ప్రకారం కలెక్టరుకి తెలియజేయాలి.
- రాగి రేకులు, పాత విగ్రహాలు, తాటాకు గ్రంథాలు. వందేళ్ళు దాటిన వస్తువులకి, 75 ఏళ్ళు దాటిన రాతప్రతులకి 1972 పురావస్తువుల చట్టం ఉంది. పురావస్తు శాఖని అడిగాకే ముట్టుకోండి.
- సవర, కొంధు ఊళ్ళలో పూజకి వాడే వస్తువులు. ఒక్కరు ఇస్తానన్నా ఊరంతా ఒప్పుకోవాలి. ఒప్పుకున్నా నేనైతే తీసుకోను.

6. గది, చెద, వాన

గదిలోకి వచ్చేముందు ప్రతి కర్ర వస్తువూ రెండు వారాలు వేరే చోట ఉండాలి. కింద తెల్ల కాగితం పరచండి. సన్నని పొడి రాలితే లోపల పురుగుంది. చిన్న వస్తువైతే గాలి చొరకుండా పాలిథిన్‌లో చుట్టి, డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 నుంచి 20 డిగ్రీల దగ్గర రెండు వారాలు పెట్టండి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా, అంటే కనీసం ఒక రోజు, కవరు విప్పకండి. విప్పితే తేమ పట్టి కర్ర పాడవుతుంది. ఐస్‌క్రీం కొట్టువాళ్ళు ఆఫ్ సీజన్‌లో పాత ఫ్రీజర్ ఇస్తారు, అడగండి.

గదిలో:

- ఏ వస్తువూ నేలకి, గోడకి ఆనకూడదు. కింద రెండు ఇటుకల ఎత్తు, గోడకి జానెడు దూరం.
- చెద మందు నేలకీ పునాదికీ కొట్టించండి, వస్తువులకి కాదు.
- వారానికోసారి మెత్తటి కుంచెతో దుమ్ము దులపండి. తడిబట్ట వద్దు.
- బరువైన నాగలిని మేడి (చేతిపిడి) పట్టి ఎత్తకండి. ఇద్దరు కింద నుంచి పట్టాలి.
- వేపాకు వేస్తే వేయండి, కానీ అదొక్కటే చాలదు. ఎండిన ఆకు తీయకపోతే దాంట్లోనే పురుగు చేరుతుంది.

ఇనుముకి తుప్పు వదులుగా ఉన్నంత మేర పొడి కుంచెతో తీసి, పల్చగా మైనం పట్టించండి. నాగలి కర్రు (దున్నే ఇనుప మొన) మెరవాల్సిన పని లేదు. అరుగుదల కనిపించాలి, అదే దాని చరిత్ర. పెద్ద మరమ్మతులు మీరు చేయకండి. లక్నోలో జాతీయ సంరక్షణ పరిశోధనశాల ఉంది. భువనేశ్వర్‌లో ఇంటాక్ (కళా, సాంస్కృతిక వారసత్వ జాతీయ ట్రస్టు) వారి సంరక్షణ కేంద్రం ఉంది. ఫొటోలు పంపి సలహా అడగండి.

2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాయి. తిత్లీకి గజపతి జిల్లా ఎంత దెబ్బతిందో మనందరికీ తెలుసు. కాబట్టి సెప్టెంబరు నెలాఖరుకల్లా రేకులు బిగించడం, కిటికీలకి చెక్కలు సిద్ధం చేయడం, రిజిస్టర్లు నీళ్ళు చొరని డబ్బాలో పెట్టడం పూర్తి కావాలి. తుపాను హెచ్చరిక వస్తే ముందు తీయాల్సిన పది వస్తువుల జాబితా తలుపు లోపలివైపు అంటించండి.

విత్తనాలు వేరే సంగతి. గాజు సీసాలో పెట్టిన చోళ్ళు (రాగులు), సామలు, పాత వరి రకాలు కొన్నేళ్ళకి మొలకెత్తే శక్తి పోగొట్టుకుంటాయి. సీసాలోది చూపించడానికే. అదే రకాన్ని ఇద్దరు రైతులు వేర్వేరు ఊళ్ళలో ఏటా వేసేలా ట్రస్టు చిన్న మొత్తం ఇవ్వాలి. మొదలుపెట్టే ముందు ఒకసారి కోరాపుట్ వెళ్ళి రండి. అక్కడి సంప్రదాయ వ్యవసాయాన్ని 2012లో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) ప్రపంచ ప్రాముఖ్యం ఉన్న వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. ఆ జిల్లాలోనే ఉన్న జైపూర్‌లో (రాజస్థాన్‌ది కాదు) స్వామినాథన్ ఫౌండేషన్ కేంద్రం ఉంది. విత్తనాలు రైతుల చేతుల్లోనే ఎలా బతుకుతున్నాయో చూస్తే సగం సందేహాలు తీరతాయి.

7. లేబుళ్ళు

మూడు భాషలు: ఒడియా, తెలుగు, ఇంగ్లీషు. సవర ఊళ్ళ వస్తువులుంటే సవర పేరు కూడా. సవర భాషకి 1936లో వచ్చిన సొంత లిపి, సొరాంగ్ సొంపెంగ్, ఉంది. చదివేవాళ్ళు దొరికితే ఆ లిపిలో రాయించండి. ఏ భాషా పైన, ఏ భాషా కింద అన్న తగాదా రాకుండా పక్కపక్కనే మూడు గళ్ళు పెట్టండి.

పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు జనం మాట్లాడే భాష కోసం నిలబడ్డారు. మన లేబుల్ కూడా అలాగే ఉండాలి. "హలము" అని రాయకండి, "నాగలి" అనండి. నలభై మాటలు మించకుండా: పేరు, ఏ పనికి, ఎలా పట్టుకుంటారు, ఎవరిచ్చారు. దాత పేరు వేయడానికి అనుమతి దానపత్రంలోనే తీసుకోండి.

8. శాశ్వత నిధి

చిన్న లెక్క. ఒక మనిషికి నెలకి 12,000 జీతం అంటే ఏడాదికి 1,44,000. కరెంటు, చెద మందు, రేకుల మరమ్మతు, ఆడిటర్, విత్తన రైతులు కలిపి 96,000 అనుకోండి. మొత్తం 2,40,000. బ్యాంకు డిపాజిట్ మీద 6 శాతం వడ్డీ వస్తే దీనికి 40 లక్షల నిధి కావాలి. ఇది చూసి టెన్షన్ పడకండి. మొదటి ఐదేళ్ళు సగం ఖర్చు నెలవారీ చందాలతో నడపవచ్చు. 100 కుటుంబాలు నెలకి 100 ఇస్తే ఏడాదికి 1,20,000.

వచ్చిన విరాళాల్లో ఎంత భాగం నిధికి పోవాలో తీర్మానం చేసుకోండి. మేము మూడో వంతు పెట్టుకున్నాం. ప్రారంభోత్సవం షామియానాకి ఇచ్చేవాళ్ళు దొరుకుతారు, చెద మందుకి ఇచ్చేవాళ్ళు దొరకరు. అందుకే ఖర్చుని ముక్కలుగా చూపించండి: "ఒక ఎద్దులబండిని ఏడాది కాపాడే ఖర్చు ఇంత" అంటే మనుషులు ముందుకొస్తారు.

9. తరచూ జరిగే తప్పులు, సర్దుకునే దారి

*వార్నిష్, నల్ల పెయింటు కొట్టించడం.* ఇప్పటికే కొట్టి ఉంటే గోకకండి. గోకితే అసలు పైపొర కూడా పోతుంది. రిజిస్టరులో తేదీతో రాసి, మిగతావాటికి ఆపేయండి.

*కిరసనాయిలు, పాత ఇంజను ఆయిలు పూయడం.* పురుగు కొంత తగ్గినట్టుంటుంది, కర్ర నల్లబడుతుంది, నిప్పంటుకునే ప్రమాదం కూడా. పూసినవాటిని గాలి తగిలే వేరే చోటికి మార్చండి.

*కాగితం లేని పాత వస్తువులు.* ప్రతిదానికీ "వివరం తెలియదు" అని నంబరు ఇచ్చి, ఫొటోలు గ్రామసభలో చూపించండి. మా 11లో ఆరింటికి ఇలా ఇంటిపేర్లు దొరికాయి.

*ఒకే మనిషి దగ్గర తాళం, రిజిస్టరు, చెక్కుబుక్కు.* ఎంత మంచి మనిషైనా సరే, మూడూ ముగ్గురి దగ్గర ఉండాలి. ఆయనకి జబ్బు చేసినా పని ఆగదు.

*పిల్లల్ని ముట్టుకోనివ్వకపోవడం.* వడ్రంగితో కొత్తగా ఒక నాగలి, ఒక గూడ చేయించి ముట్టుకోవడానికే పెట్టండి. డబ్బు వడ్రంగికి అందుతుంది, పాతవి భద్రంగా ఉంటాయి.

10. ఏడాది పట్టిక

- ఏప్రిల్, మే: లెక్కలు ముగించడం, ఆడిట్ కాగితాలు, విరాళాల వివరాలు పన్ను శాఖకి పంపడం. గడువు ఆడిటర్‌ని అడిగి గోడ మీద రాయండి.
- జూన్, ఏరువాక పున్నమి: పాత పనిముట్లు బయటికి తీసే రోజులు. కొత్త వస్తువుల కోసం ఊళ్ళు తిరగండి.
- జులై నుంచి సెప్టెంబరు: వారానికి రెండుసార్లు బూజు, పొడి, చెద దారులు చూడటం.
- సెప్టెంబరు నెలాఖరు: తుపాను ఏర్పాట్లు.
- నవంబరు, డిసెంబరు: కోతలు, నూర్పిళ్ళు. కళ్ళంలో పెద్దవాళ్ళు పని చేసి చూపిస్తుంటే వీడియో తీయండి. ఈ పని వచ్చే ఏటికి వాయిదా వేయకండి.
- జనవరి, సంక్రాంతి: ఊరికి వచ్చినవాళ్ళ ముందు జమాఖర్చు తెలుగులో, ఒడియాలో చదవడం.
- ఫిబ్రవరి, మార్చి: బయటి ఊరి ఇద్దరితో రిజిస్టరు ప్రకారం ప్రతి వస్తువూ సరిచూడటం. కనపడనివాటి జాబితా వెంటనే ట్రస్టీల ముందు పెట్టి, మినిట్స్‌లో రాసి, అందరి సంతకాలు తీసుకోవడం.